అంపశయ్యకు ముందటి ఉద్యోగపర్వము: తెలుగు నవలలో వృత్తినిర్ణయ సందేహము

తెలుగు నవలను గూర్చిన విమర్శలో 'అసమర్థుడు' అను మాట ఒక పారిభాషిక పదమైపోయినది. త్రిపురనేని గోపీచందు 1940ల ద్వితీయార్ధమున 'అసమర్థుని జీవయాత్ర'ను ప్రకటించిన పిదప, ఏ పనిలో ప్రవేశింపవలయునో తేల్చుకొనలేని యువకుడు ఏ నవలలో కనబడినను, విమర్శకులు అతనిని సీతారామారావు వంశమున చేర్చుచు వచ్చినారు. సంకల్పబలము లేనివాడు, అంతర్ముఖుడు, పలాయనవాది అనునవి ఆ వంశపు బిరుదులు. ఈ వర్గీకరణము పాఠము చెప్పుటకు సుకరము. పరీక్షలో ప్రశ్న యిచ్చుటకు మరింత సుకరము. అది ఎంతవరకు సత్యమను విషయమునే ఈ వ్యాసమున విచారింపదలచితిమి.

ఈ విచారమునకు హేతువు మాకు గ్రంథాలయమున దొరకినది కాదు. మావద్ద నవలాసాహిత్యముపై పరిశోధన చేయుచున్న విద్యార్థి యొకడు తుర్కపల్లి వాస్తవ్యుడు. సికింద్రాబాదునుండి కరీంనగరు పోవు రాజీవ్ రహదారిమీద శామీర్‌పేట చెరువు దాటిన పిమ్మట వచ్చు ఊరది. ఒకప్పుడు జొన్నచేలకును, ఆ చుట్టుప్రక్కల ద్రాక్షతోటలకును నెలవైన ఆ ప్రాంతమును నేడు జీనోమ్ వ్యాలీ యని వ్యవహరించుచున్నారు. ఈ విద్యార్థి మొదట సూక్ష్మజీవశాస్త్రము చదివి బి.ఎస్‌సి. పట్టము పొందినాడు, తరువాత తెలుగు ఎం.ఎ. చేసినాడు, ఇప్పుడు పరిశోధనలో మూడవ సంవత్సరము. గత సంవత్సరము ఒకనాడు 'తెలుగు నవలలో అసమర్థ నాయకులు' అను అధ్యాయపు చిత్తుప్రతిని తెచ్చి మా బల్లమీద నుంచినాడు. అందు సీతారామారావు, దయానిధి, సుబ్బయ్య, రవి వరుసగా నిలిచియున్నారు. అధ్యాయమును మేము పుటలు త్రిప్పి చూచుచుండగా అతడు వేరొక సంగతి నెత్తినాడు. ఒక టీకాల పరిశ్రమలో నాణ్యతాపరీక్ష విభాగమున కొలువున్నదనియు, చేరుటయా, పరిశోధన ముగించుటయా, లేక మరల గ్రూపు పరీక్షలకు కూర్చుండుటయా తెలియుటలేదనియు చెప్పి, మా మౌనము చూచి, "సార్, మరి ఈ అధ్యాయంల నన్ను గూడ రాసుకోవాల్నా?" అని నవ్వినాడు. మేమును నవ్వితిమి. కాని ఆ ప్రశ్న విమర్శకు సంబంధించిన ప్రశ్నయే యని ఇంటికి పోయిన పిమ్మట తోచినది.

ముందుగా మాటల సంగతి. మన పల్లెలలో వృత్తి యనునది నిర్ణయింపబడునది కాదు, పుట్టుకతో ఉండునది. పన్నిద్దరు ఆయగాండ్రున్న గ్రామమున వడ్లవాని కొడుకును 'నీవేమి కాదలచితివి?' అని యెవరును అడుగలేదు. కల్లమువద్ద రాశినుండి కొలిచి యిచ్చు గింజలలోనే అతని భవిష్యత్తు ఇమిడియుండెను. ఆ యేర్పాటులో అన్యాయము కొండంత. సందేహము మాత్రము గోరంతయు లేదు. ఇక 'ఉద్యోగము' అనునది సంస్కృతమున ప్రయత్నమునకు, పూనికకు పేరు. భారతమున ఐదవదగు ఉద్యోగపర్వమున ఎవరికిని జీతము లేదు. రాయబారములు నడపుట, సేనలను కూర్చుట, కార్యమునకు నడుము కట్టుట, ఇదియే అందలి ఉద్యోగము. 'ఉద్యోగము పురుషలక్షణము' అను లోకోక్తికి మొదటి యర్థము పూనిక కలిగియుండవలెననియే. కోస్తాలో ఆంగ్లేయుల కచేరీలు, తెలంగాణమున నిజాము దఫ్తరులు విస్తరించిన పిమ్మట పూనిక జారిపోయి, నెల జీతము మిగిలినది. తెలంగాణమున దీనినే కొలువందురు, నౌకరి యందురు. ఒకటి రాజసభనుండి దిగివచ్చిన మాట, రెండవది పారసీకము ద్వారా వచ్చిన మాట. రెండింటను వేరొకరిని సేవించుట యున్నది. 2014 జూన్ 2న ఏర్పడిన రాష్ట్రమునకు దారితీసిన ఉద్యమము 'నీళ్ళు, నిధులు, నియామకాలు' అని నినదించినది. నియామకము అనగా ఇంకొకరు నియమించుట. ఉద్యోగమునుండి నియామకమువరకు వచ్చిన ఈ దారిలో వాక్యపు కర్త మారినాడు. 'నేను పూనుకొందును' అనవలసిన చోట 'నన్ను నియమింతురు' అను వాక్యము వచ్చి కూర్చున్నది. కర్మస్థానమున నున్నవానికి సంకల్పబలము లేదని నిందించుట వ్యాకరణమునకే విరుద్ధము గదా!

ఈ భేదమును మనస్సున నుంచుకొని నవలలను చూతము. గురజాడ 'కన్యాశుల్కము' నాటకమే యైనను ప్రస్తావింపక తప్పదు. వెంకటేశము ఇంగ్లీషు చదువునకగు ఖర్చును గూర్చి అగ్నిహోత్రావధానులు పడు ఆగ్రహమున, చదువు అనునది ఇల్లు పెట్టు పెట్టుబడి యను విషయము మొట్టమొదట మన సాహిత్యమున బాహాటముగా పలికినది. వెంకటేశమునకు మాత్రము ఏమి కావలయునో తెలియదు. తెలియవలసిన యవసరమును గూడ గిరీశము రానీయలేదు. 1924లో ప్రథమభాగము వెలువడిన మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిష్టర్ పార్వతీశము'లో మొగల్తూరు చిన్నవాడు బారిష్టరు కావలెనని ఇల్లు విడిచి బయలుదేరుట హాస్యమునకు మూలము. అతని నిర్ణయమునకు వెనుక నున్న యాలోచన ఎంత స్వల్పమో పాఠకుడు చూచి నవ్వును. ఐనను ఆ నవ్వు నిశ్చింతగా నవ్వగలుగుటకు కారణమొకటి కలదు: పార్వతీశము పొరపాటు పడినను అతని యిల్లు కూలిపోదు.

గోపీచందు సీతారామారావు కథ వేరు. తండ్రినుండి సంక్రమించిన ఆస్తిని వంశప్రతిష్ఠ యను భావమునకు బలిచేసి, తనతో తాను తర్కించుకొని తర్కించుకొని తుదకు శ్మశానమున నశించినవాడు. అతనిని అసమర్థుడనుట న్యాయమే. ఆ పేరు రచయితయే పెట్టినాడు. కాని ఆ యసమర్థత దేనియందు? ఉన్నదానిని నిలుపుకొనుటయందు. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో దయానిధి వైద్యుడే. వృత్తి అతనికి సమస్య కాదు, ప్రేమయు లోకాపవాదమును సమస్యలు. రాచకొండ విశ్వనాథశాస్త్రి 'అల్పజీవి' సుబ్బయ్యకు గుమాస్తాగిరి యున్నది, లేనిది ధైర్యము. ఈ ముగ్గురిలో నొక్కడును ఇరువదిమూడేండ్ల వయస్సున, చేతిలో పట్టముతో, 'ఇక నేనేమి చేయుదును?' అని నిలువబడినవాడు కాడు. ఆస్తి కలిగి పోగొట్టుకొన్న యింటి కథనుండి పుట్టిన 'అసమర్థుడు' అను పేరును, ఏనాడును ఆస్తి లేని యింటినుండి వచ్చిన రవికి తగిలించుటలో విమర్శ తొందరపడినదని మా యభిప్రాయము.

రవి 'అంపశయ్య' నాయకుడు. నవీన్ అను కలము పేరు గల దొంగరి మల్లయ్య వరంగల్లు ప్రాంతమున వావిలాలలో 1941లో జన్మించి, ఉస్మానియాలో చదివి, అర్థశాస్త్రము బోధించినవాడు. 1969లో ప్రకటితమైన ఈ నవల కీర్తి యెంతటిదనగా, రచయిత పేరునకు ముందు నవల పేరు ఇంటిపేరై నిలిచినది. తెలంగాణపు పల్లెనుండి విశ్వవిద్యాలయ వసతిగృహమునకు వచ్చిన ఒక పేద విద్యార్థి జీవితమున ఒక్క దినము, ఉదయము మేలుకొన్నది మొదలు రాత్రి పొద్దుపోవువరకు, ఇందలి వస్తువు. చదువు, ఇంటి దారిద్ర్యము, డబ్బుకు పడు కటకట, స్త్రీవాంఛ, స్నేహితుల మాటలు ఒకదానిలో నొకటి కలిసిపోయి ప్రవహించును. విమర్శకులందరును దీనిని చైతన్యస్రవంతి నవలగా పరామర్శించినారు. జేమ్స్ జాయిస్ 'యులిసిస్'తో పోల్చినారు. శిల్పదృష్టితో ఆ పోలిక సమంజసమే. 1904 జూన్ 16వ తేదీ యను ఒక్క దినమున డబ్లిను నగరమున నడచు కథ యది. కాని ఆ నవలలో స్టీఫెన్ డెడాలస్ అను యువకుడు ఆ ఉదయము ఒక బడిలో పాఠము చెప్పుచున్నాడనియు, ఆ పనిలో తాను నిలువననియు అతనికి తెలిసియున్నదనియు ఎందరు గమనించిరి? ఒక్క దినపు కాలపరిమితియు, వృత్తి కుదురని యువకుడును రెండు నవలలలోను జంటగా వచ్చుట యాదృచ్ఛికమని మేము తలపము. నిర్ణయము లేనివానికి సంవత్సరములు లేవు, దినమే యున్నది. ఉద్యోగస్థుని జీవితమును జీతపు తేదీలు, బదిలీలు, పదోన్నతులు కొలుచును. రవి జీవితమును కొలుచునది గడియారము. ఇప్పుడు తొమ్మిది, ఇప్పుడు భోజనము వేళ, ఇప్పుడు చదువవలసిన వేళ దాటిపోవుచున్నది. కావున ఏకదిన కథనము ఈ నవలకు అలంకారము గాక వస్తువునుండి పుట్టిన అవసరమైనది. దానిని 'ప్రయోగము' అని మెచ్చుకొని ఊరకుండుట, ఆకలిగొన్నవాని మాటలలో ఛందస్సును మెచ్చుకొనుట వంటిది.

పాశ్చాత్యసాహిత్యమున ఈ వస్తువునకు ప్రత్యేకశాఖయే యున్నది. గ్యోతే 1795-96లలో వెలువరించిన 'విల్‌హెల్మ్ మైస్టర్' నవలలో వర్తకుని కొడుకు తండ్రి వ్యాపారమును కాదని నాటకరంగమునకు పోవును. అచ్చట సందేహము ఒక యాత్ర, తప్పిపోవుటయే నేర్చుకొనుట, వెనుకకు మరలినచో తండ్రి దుకాణము ఉన్నది. మన రవికి మరలిపోవుటకు దుకాణము లేదు. పల్లెకు మరలినచో అరక పట్టుటకు చేతులు మరచిపోయినవి. పట్టణమున నిలుచుటకు చోటు దొరకలేదు. చదువు అతనిని ఒక వృత్తినుండి విడిపించినది, రెండవదానిలో చేర్పలేదు. ఆ నడిమి కాలమునకు మన భాషలో పేరు లేదు. నిరుద్యోగమనుట చాలదు, ఏలయన రవి ఇంకను విద్యార్థియే.

ఆ పేరు లేని కాలమునకు నవీన్ పెట్టిన పేరు 'అంపశయ్య'. ఈ పేరును బాధకు ప్రతీకగా మాత్రమే వ్యాఖ్యానించుట పరిపాటి. భీష్మపర్వమును మరల చూచిన మరికొంత తెలియును. యుద్ధమున పదవదినమున పడిన భీష్ముడు సందేహగ్రస్తుడు కాడు. స్వచ్ఛందమరణము వరముగా గల ఆతడు ఉత్తరాయణము వచ్చువరకు తానే నిర్ణయించుకొని వేచియున్నాడు. అంతకన్న ముఖ్యమైనది, అంపశయ్యమీదనుండి ఆతడు ధర్మములను చెప్పినాడు. శాంత్యానుశాసనిక పర్వములు ఆ బోధయే. రవి స్థితి దీనికి సరిగా తలక్రిందులు. ఇచ్చట పడియున్నవాడు యువకుడు; చెప్పువారు చుట్టును నిలిచినవారు. తల్లిదండ్రులు, స్నేహితులు, పుస్తకములు, గోడమీది ప్రకటనలు, ఎవరికి తోచినది వారు బోధించుచునే యుందురు. భీష్ముడు పెద్దలు తెచ్చిన మెత్తని తలగడలను కాదని అర్జునుని బాణములే తలక్రిందికి చాలునన్నాడు. మన యువకులకు మెత్తని తలగడలు తెచ్చువారే యెక్కువ. అధ్యాపకులమైన మేమును ఆ వరుసలోనివారమే.

మరియొక విశేషము. భారతమున ఉద్యోగపర్వము ముందు, భీష్మపర్వము తరువాత. రవి మాత్రము ఉద్యోగపర్వము జరుగకయే అంపశయ్యమీద పరుండినాడు. నవల ప్రకటితమైన 1969లోనే, జనవరినుండి, తెలంగాణమున విద్యార్థులు వీథులకెక్కిరి. 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందమున చెప్పిన ఉద్యోగరక్షణలు, ముల్కీ నిబంధనలు అమలు కాలేదనుట వారి ప్రధానాభియోగము. నవల అంతకుముందే వ్రాయబడినది. కావున ఉద్యమము అందులో లేదనుట దోషము కాదు. కాని ఒకే వసతిగృహముల గోడలలోపల ఒక్కొక్కరుగా 'నేనేమి చేయుదును?' అని మథనపడినవారే, మరుసటి యేట బయట గుంపుగా 'మాకేది?' అని అడిగినారు. మొదటి ప్రశ్నను మానసికమని, రెండవదానిని రాజకీయమని వేరువేరు అరలలో పెట్టినది విమర్శ. 'అంపశయ్య'ను 1969 ప్రక్కన నుంచి చదివిన గ్రంథములు మాకు మిక్కిలి అరుదుగా కనబడినవి. రవి కథ 'ముళ్ళపొదలు', 'అంతస్స్రవంతి' నవలలతో త్రయముగా విస్తరించినదను విషయమును పాఠ్యప్రణాళికలు సాధారణముగా మరచును. నాయకుడు ఒక్క దినమునకే పరిమితమైనచో అతనిని అసమర్థుడనుట సులభము గదా.

నవలయందలి లోపమును చెప్పకుండుట న్యాయము కాదు. ఇందు స్త్రీలు రవి కోరికలో ప్రతిఫలించినంత మేరకే యున్నారు. వారిలో నొకతె కూడ చదువు ముగించి యేమి చేయవలయునని కలవరపడినట్లు మనకు తెలియదు. 'పురుషలక్షణము' అను లోకోక్తి నవలకారుని కలమును గూడ నడిపించినది. అదే దశాబ్దమున యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'లో జయంతికి కొలువు ఇచ్చినది. వేలకొలది పాఠకురాండ్రు ఆ కొలువును తమదిగా భావించి చదివిరి. కాని ఆ కథలో కొలువు ప్రణయమునకు ద్వారము. ద్వారము దాటిన పిమ్మట దానిని గూర్చిన ప్రశ్న మిగులలేదు. సాహిత్యాచార్యులు ఆ నవలను చిన్నచూపు చూచినారు; పనికి పోవు స్త్రీని లక్షలమంది యిండ్లలోనికి తెచ్చిన ఘనత దానికి ఇయ్యలేదు. మేమును మా విద్యార్థిదశలో దానిని అట్టక్రింద దాచి చదివినవారమే గాని బహిరంగముగా ప్రశంసించినవారము కాము.

ఇక తుర్కపల్లికి వత్తము. 1999-2000 ప్రాంతమున 200 ఎకరములలో నాలెడ్జ్ పార్కు ఆ యూర వెలసినది. 1996లో స్థాపితమైన భారత్ బయోటెక్ సంస్థ ఆ సీమలోనే యున్నది; 2021 జనవరిలో అత్యవసర వినియోగమునకు అనుమతి పొందిన కోవాగ్జిన్ టీకా దానిదే. రవికి కొలువు దూరమున, కంటికి కనబడనిచోట నుండెను. మా విద్యార్థికి అది వాకిటి ముందే పోవుచున్నది. తెల్లవారకముందే పరిశ్రమల బస్సులు రహదారిమీద ఆగి, మెడలో గుర్తింపుపత్రములు వేసికొన్న యువతీయువకులను ఎక్కించుకొనిపోవును. వారిలో స్త్రీలు తక్కువగా లేరని అతడే చెప్పినాడు. కొలువు దగ్గరైనచో సందేహము తీరవలెను గదా యని మేమనుకొంటిమి. తీరలేదు. ద్రాక్షతోటలలో కూలిచేసి కొడుకును చదివించిన తండ్రి దృష్టిలో ఆ బస్సు కొలువు కాదు, కొలువన్న సర్కారుదే. ఆ సర్కారు కొలువు సంగతి చూడుడు: 2022 అక్టోబరులో జరిగిన గ్రూపు-1 ప్రాథమిక పరీక్ష ప్రశ్నపత్రము బయటపడుటచే 2023 మార్చిలో రద్దైనది, 2023 జూనులో మరల జరిగినది సెప్టెంబరులో ఉన్నత న్యాయస్థానపు తీర్పుతో రద్దైనది, 2024లో మరల క్రొత్త ప్రకటన. ఈ వరుసలో ప్రతి పరీక్షకును కూర్చున్న యువకుని ఆ యేండ్ల చరిత్ర వ్రాసినచో, దానిని ఏ విమర్శకుడు 'నిర్ణయరాహిత్యము' అనగలడు? అతడు ప్రతిసారియు నిర్ణయించుకొనియే పోయినాడు.

ఈ తుర్కపల్లి బస్సులో ఎక్కిన పిల్ల, ఎక్కక నిలిచిన పిల్లవాడు నాయికానాయకులుగా గల తెలుగు నవల మా కంటబడలేదు. కథలుండవచ్చును, నవల యింకను రావలసియున్నది. విశ్వవిద్యాలయ ప్రాంగణమును నవలలోనికి తెచ్చుటకు వసతిగృహములోనే యున్న నవీన్ కావలసివచ్చెను. ప్రయోగశాలలో రాత్రిపాళి చేయువాడు వ్రాయవలసిన పుస్తకమిది.

మా సంగతియును చెప్పి ముగింతుము. ఇరువదియేండ్ల క్రిందట మేము వసతిగృహమున 'అంపశయ్య'ను చదివిన ప్రతి ఇప్పటికిని మా యొద్ద నున్నది. క్రొత్తగా తెరచి చూడగా, మేము నీలిసిరాతో గీతలు గీచినవి అంతర్గత ఏకాంతభాషణమునకు ఉదాహరణములైన భాగములు మాత్రమే. ఏలయన పరీక్షలో వచ్చు ప్రశ్న అది. డబ్బులేమిని గూర్చిన పుటలు శుభ్రముగా నున్నవి. ఆ దినములలో మా జేబులోను డబ్బు లేదు. ఐనను ఆ పుటలు మా చేతి గీతకు నోచుకొనలేదు. ఆ కాలముననే మూడు పరీక్షలకు దరఖాస్తులు పెట్టి, ఏది కావలయునో ఎరుగక, ఏది వచ్చినను చాలునని యుంటిమి. ముందుగా వెలువడిన ఫలితము ఉపన్యాసకపదవిది. మా సామర్థ్యము వలన ఈ వృత్తిని వరించితిమని సన్మానసభలలో ఎవరైన పలికినప్పుడు మేము అభ్యంతరము చెప్పలేదు. రెండవ పరీక్షాఫలితము పదునెనిమిది దినములు ముందుగా వచ్చియున్నచో మేము నేడు ఏ మండలకార్యాలయముననో దస్త్రములు చూచుచుందుము. ఈ వ్యాసమును వేరొకరు వ్రాసియుందురు.

పరిశోధకుని చిత్తుప్రతిని రెండు ముక్కలు చేయించితిమి. సీతారామారావు, దయానిధి, సుబ్బయ్య మొదటి అధ్యాయమున మిగిలిరి. రవిని అందుండి తీసి, 1969 నాటి పత్రికాప్రకటనలతో కలిపి, విడిగా వ్రాయుమంటిమి. అతడు పరిశ్రమలో చేరినాడు, పరిశోధన మానలేదు. రాత్రిపాళి ముగిసిన పిమ్మట వ్రాసిన పుటలు పదిదినములకొకమారు వచ్చుచున్నవి. అక్షరములు కొంచెము వంకరగా నున్నను వాదము తిన్నగా నున్నది. రవి అధ్యాయమునకు శీర్షిక మాత్రము ఇంకను పెట్టలేదు.